ఉమ్మడి భవనములు - నూతన శాసనములు

ఒక గృహమునకు ఒకే యజమాని యున్నప్పుడు కప్పు కారినచో బాగుచేయించుట ఆతని పని; బాగుచేయింపనిచో తడియుటయు ఆతని వంతే. నూరుగురు యజమానులున్న గృహమున కప్పు కారినచో నేమి చేయవలయును? ఎవరు చూడవలయును, ఎవరు ధనమియ్యవలయును, ఇయ్యనని యొకడు మొండికెత్తినచో మిగిలినవారి గతి యేమి? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫ్లారిడా రాష్ట్రము ఈ ప్రశ్నలకు 98 ప్రాణములను మూల్యముగ చెల్లించిన పిదప 2022వ సంవత్సరమున శాసనరూపమున సమాధానము చెప్పినది. ఆ శాసనమును 2023, 2024, 2025 సంవత్సరములలో వరుసగా సవరించినది. అందు విధింపబడిన ముఖ్యమైన గడువు 2025 డిసెంబరు 31వ తేదీతో ముగిసినది. అక్కడ కాండొమినియము లని పిలువబడు ఉమ్మడి భవనముల కార్యవర్గములు ఈ మార్పులకు అనుగుణముగ నెట్లు నడచుకొనవలయునను ప్రశ్న పైకి న్యాయవాదులకు మాత్రమే సంబంధించినదిగ కనుపట్టును. కాని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో తొలుత లేచిన అపార్టుమెంట్లు ముప్పదియేండ్ల వయసు దాటిన యీ దినములలో ఆ ప్రశ్న మన గుమ్మములోనికి కూడ వచ్చినది. అందుచేత ముందుగ ఫ్లారిడా అనుభవమును పరిశీలించి, తరువాత మన స్థితిని విచారింతము.

ఉమ్మడి భవనము విచిత్రమైన ఆస్తి. నాలుగు గోడల నడుమనున్న ఫ్లాటు ఒక్కొక్కనికి సొంతము. పునాది, స్తంభములు, కప్పు, మెట్లు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు, క్రింది భూమి అందరికిని అవిభాజ్యముగ ఉమ్మడి. ఈ ఉమ్మడి సొత్తును నడుపుటకు యజమానులు తమలో కొందరిని కార్యవర్గముగ నెన్నుకొందురు. ఆ కార్యవర్గము చందా విధించును, చెల్లింపనివారిపై చర్య తీసికొనును, నియమములు చేయును, పనివాండ్రను నియమించును. నిజము చెప్పవలయునన్న నిది యొక చిన్న పంచాయతి. పంచాయతికుండు సకల సద్గుణములును, సకల దుర్గుణములును దీనికి కలవు. చందా తగ్గింతుమని చెప్పినవాడు ఎన్నికలో గెలుచును. పెంపవలయునని చెప్పినవాడు ఓడును. కప్పు మాత్రము ఎవరికిని ఓటు వేయదు.

2021 జూన్ 24వ తేదీ తెల్లవారుజామున మయామీ నగర సమీపమున సర్ఫ్‌సైడ్ అను సముద్రతీర పట్టణమున చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అను 12 అంతస్తుల భవనములో పెద్ద భాగము నిద్రించుచున్నవారిపై కూలిపోయెను. 98 మంది మరణించిరి. మిగిలిన భాగమును జూలై 4న పడగొట్టిరి. ఆ భవనము 1981లో కట్టబడినది. అందు 136 ఫ్లాట్లు ఉండెను. 2018లోనే ఒక ఇంజనీరు దానిని పరీక్షించి, ఈతకొలను చుట్టునున్న గచ్చు క్రింద నీరు ఇంకకుండ చేయు పొర చెడిపోయినదనియు, దానివలన క్రింది కాంక్రీటు పలకకు తీవ్రమైన హాని కలుగుచున్నదనియు వ్రాతమూలముగ తెలియజేసెను. నాడు మరమ్మతుకు వేసిన అంచనా సుమారు 90 లక్షల డాలర్లు. అటుపై వాదోపవాదములు చెలరేగెను. 2019లో కార్యవర్గసభ్యులలో పెక్కురు రాజీనామా యిచ్చిరి. 2021 ఏప్రిలు నాటికి వ్యయము 150 లక్షల డాలర్లకు చేరెను. ఫ్లాటు పరిమాణమును బట్టి ఒక్కొక్క యజమాని సుమారు 80,000 డాలర్లు మొదలు 3,36,000 డాలర్ల వరకు ప్రత్యేక చందా చెల్లింపవలసి వచ్చెను. దాని చెల్లింపులు ఆరంభము కావలసిన దినము జూలై 1. భవనము అందుకు వారము దినములు ముందుగనే కూలెను.

ఈ దుర్ఘటనకు కార్యవర్గపు జాగు ఒక్కటియే కారణమని చెప్పుట న్యాయము కాదు. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థవారు జరిపిన పరిశోధనలో వెల్లడియైన తొలి ఫలితములను బట్టి, ఈతకొలను గచ్చును మోయు స్తంభముల కూడళ్లు అనేకచోట్ల నాటి నిర్మాణ నియమములు కోరిన బలమునకు మొదటినుండియు చాల తక్కువగ నుండెను. అనగా లోపము పుట్టుకతోనే కలదు. దానిపై కాలమును, నీరును తమ పని చేసినవి. అయినను, పుట్టుకతో వచ్చిన రోగమైనను తరచు చూపించుకొనువాడు గుర్తించును. చూపించుకొననివాడు హఠాత్తుగ పడును. 2022 జూన్‌లో న్యాయస్థానము బాధితులకు 100 కోట్ల డాలర్లకు మించిన పరిహారపు ఒప్పందమును ఆమోదించెను. 90 లక్షల డాలర్ల మరమ్మతు దగ్గర తటపటాయించిన కథకు ఇదియే చివరి లెక్క. గోరుతో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యన్న మన సామెతకు ఇంతకన్న ఘోరమైన ఉదాహరణము దొరకదు.

శాసనము అప్పటివరకు ఏమి చెప్పుచుండెను? ఫ్లారిడా కాండొమినియము చట్టము కప్పు, రంగు, రహదారి మొదలగువాటికి వార్షిక బడ్జెటులో నిల్వనిధి చూపవలయునని ఆదేశించినది. కాని వెంటనే తలుపు తెరచి, సభకు వచ్చిన సభ్యులలో అధికసంఖ్యాకులు సమ్మతించినచో ఆ నిధిని తగ్గించుటకును, పూర్తిగ మానివేయుటకును వీలు కల్పించినది. ఏటేట సభ కూడుట, ఏటేట నిధి అక్కరలేదని చేతులెత్తుట అనేక భవనములలో ఆచారమై పోయినది. 2008లో అచ్చటి శాసనసభ ఎత్తయిన భవనములను ఐదేండ్లకొకమారు ఇంజనీరుచే పరీక్షింపజేయవలయునని ఒక నియమము చేసినది. ఖర్చెక్కువయని గగ్గోలు పుట్టగా 2010లో దానిని రద్దుచేసినది. ఓటర్లకు ప్రియము చేయుటలో ప్రజాప్రతినిధులకును, భవన కార్యవర్గములకును భేదము లేకపోయెను.

2022 మే 26వ తేదీన గవర్నరు సంతకము చేసిన శాసనము ఈ తలుపును మూసినది. మూడంతస్తులు గాని అంతకు మించి గాని యున్న ఉమ్మడి భవనము ముప్పదియేండ్లు నిండినప్పుడును, తరువాత పదేండ్లకొకమారును అర్హత గల ఇంజనీరు లేక వాస్తుశిల్పిచే పరీక్షింపబడవలయును. సముద్రసమీపమందలి భవనములకు ఇరువదియైదేండ్లకే పరీక్ష యని మొదట విధించిరి. 2023 సవరణలో దీనిని స్థానికాధికారుల విచక్షణకు విడిచిరి. తొలి పరీక్ష కంటితో చూచునది. అందు గణనీయమైన శిథిలత కనిపించినచో రెండవదియు, లోతైనదియునగు పరీక్ష జరుగవలయును. ఇది గాక, కప్పు, భారము మోయు గోడలు, అగ్నిరక్షణ సాధనములు, నీటి గొట్టములు, విద్యుత్తు, నీరింకకుండ చేయు పూత, కిటికీలు మొదలగువాని శేషాయుర్దాయమును, మార్చుటకగు వ్యయమును లెక్కించి, ఏటేట ఎంత కూడబెట్టవలయునో తేల్చు నిధిపరిశీలనము కూడ పదేండ్లకొకమారు తప్పనిసరియైనది. ఇట్టి అంశముల నిధిని ఓటుతో మానివేయు హక్కు 2024 డిసెంబరు 31 నాడు గాని ఆ తరువాత గాని ఆమోదింపబడు బడ్జెట్ల నుండి తొలగినది.

ఇక దుఃఖపక్షమును వినుట ధర్మము. ఫ్లారిడా వృద్ధుల నివాసభూమి. జీవితమంతయు పనిచేసి, కూడబెట్టిన ధనముతో సముద్రతీరమున చిన్న ఫ్లాటు కొనుక్కొని, నెలనెల వచ్చు స్వల్ప పింఛనుతో కాలము గడుపువారు అచట పెక్కురు. వారికి ఒక్కమారుగ చందా హెచ్చెను. బీమా రుసుములు కూడ పెరిగెను. ప్రత్యేక చందా తాఖీదులు వేలడాలర్లలో వచ్చెను. చెల్లింపలేనివారు అమ్మజూపిరి, పాత భవనములలో ఫ్లాట్లు కొనువారు వెనుదీసిరి. ఇరువదేండ్ల నాటి యజమానులు చెల్లింపక మిగుల్చుకొన్న సొమ్మును, నిన్న కొన్నవాడు నేడు చెల్లింపవలసివచ్చుట అన్యాయమే. ఈ ఆక్రందనము శాసనసభను కదల్పగా 2025 జూన్ 23న మరియొక సవరణ వచ్చినది. నిధిపరిశీలనము గడువు ఒక సంవత్సరము పొడిగింపబడినది. నిధిలో చేర్పవలసిన అంశముల వ్యయపరిమితి 10,000 డాలర్ల నుండి 25,000 డాలర్లకు పెంపబడినది. మొత్తము ఓట్లలో అధికసంఖ్య సమ్మతించినచో అప్పు తెచ్చి నిధి సమకూర్చుకొనుటకు అవకాశము దొరకినది. పరీక్షలో తేలిన మరమ్మతులు చేయుచున్న భవనములకు రెండు బడ్జెట్ల వరకు నిధి చెల్లింపును నిలుపుకొను వెసులుబాటు కూడ కలిగినది.

ఈ ఉపశమనములు సరియైనవే. కాని శాసనము వచ్చి ఖర్చు తెచ్చినదను మాటను మాత్రము మేము అంగీకరింపజాలము. ఖర్చును తెచ్చినది ఉప్పునీరు, ఎండ, కాలము. ఇనుము త్రుప్పుపట్టుటకు శాసనసభ అనుమతి అక్కరలేదు. ఇంతకాలము గోడలలో పేరుకొన్న ఋణమును శాసనము లెక్కల పుస్తకములోనికి ఎక్కించినది. ఋణము లెక్కలలో కనబడగానే లెక్క వ్రాసినవానిని నిందించుట మానవస్వభావము. అది వివేకము కాదు.

మన గ్రామములలో చెరువుకట్టను గూర్చి పెద్దలకు ఒక నియమముండెను. కట్టకు ఏటేట మన్ను వేయుట, తూము పూడిక తీయుట గ్రామస్థుల ఉమ్మడి విధి. దానినే కుడిమరామతు అనిరి. తూము దగ్గర పొలమున్నవాడు, ఆయకట్టు చివర పొలమున్నవాడు కట్ట తెగిననాడు సమానముగ మునుగుదురు, సమానముగ ఎండుదురు. ఈ యేడు మన్ను వేయవద్దని గ్రామమంతయు ఏకగ్రీవముగ తీర్మానించినను వరద ఆ తీర్మానమును చదువదు. ఫ్లారిడా నూతన శాసనమందలి న్యాయమంతయు ఇందులో నిమిడియున్నది. అధికసంఖ్యాకులకు అనేక అధికారములు కలవు. తోటివాని తలపై కప్పును కూల్చు అధికారము వారికి లేదు.

అట్లయిన, శాసనము మారినప్పుడు కార్యవర్గము చేయవలసిన పనులేవి? మా యభిప్రాయమున నివి ముఖ్యముగ నైదు.

మొదటిది, తన మూలపత్రమును చదువుకొనుట. ప్రతి ఉమ్మడి భవనమునకు పుట్టుకనాటి డిక్లరేషను పత్రము ఒకటి ఉండును. అదియే దాని రాజ్యాంగము. కొత్త శాసనము పాత భవనమునకు ఎంతవరకు వర్తించునను ప్రశ్న తరచుగ ఆ పత్రమందలి నాలుగు మాటలపై నాధారపడియుండును. ఫ్లారిడాలో 1977 నాటి కాఫ్‌మన్ వర్సెస్ షేర్ అను తీర్పు ననుసరించి, కాండొమినియము చట్టమునకు కాలానుగుణముగ జరుగు సవరణలతో సహా లోబడియుందుమని డిక్లరేషనులో వ్రాసికొన్న భవనమునకు తరువాతి సవరణలు సహజముగ సంక్రమించును. ఆ మాటలు లేనిచోట యజమానులకు ఒప్పందమువలన సిద్ధించిన హక్కులను మార్చుట అంత సులభము కాదు. 2024 మార్చిలో మయామీలోని బిస్కేన్ 21 అను భవనమును గూర్చి వచ్చిన తీర్పు దీనికి నిదర్శనము. భవనమును రద్దుచేసి అమ్ముటకు రాష్ట్ర చట్టము సాధారణముగ నూటికి ఎనుబదిమంది సమ్మతి చాలునని, ఐదుగురు అడ్డుచెప్పకుండిన చాలునని యనుచున్నది. కాని ఆ భవనపు డిక్లరేషను నూటికి నూరుగురి సమ్మతి కోరినది. ఫ్లాట్లలో అధికభాగము కొన్న నిర్మాణసంస్థ ఆ షరతును సవరణద్వారా తగ్గించి ముందుకు సాగబూనగా, నిరాకరించిన కొలదిమంది యజమానుల పక్షమున అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. నూరుమంది సంతకములు చేసిన మూలపత్రమును ఎనుబదిమంది బలముతో త్రోసివేయరాదు. శాసనము మారినదని వినినవెంటనే పరుగెత్తక, అది తమ పత్రముతో ఎట్లు కలియునో, ఎచట ఢీకొనునో న్యాయవాదిచే వ్రాతమూలముగ తెలిసికొనుట కార్యవర్గపు తొలిపని.

రెండవది, ప్రతి సంవత్సరము నేర్చుకొనుట. పూర్వము ఫ్లారిడాలో కార్యవర్గసభ్యుడు నియమావళిని చదివితినని ఒక కాగితముపై సంతకము చేసిన చాలియుండెను. 2024 సవరణ ప్రకారము ఎన్నికైన 90 దినములలోపున సంతకముతోబాటు నాలుగు గంటల శిక్షణ పొందవలయును. అటుపై ఏడాదికొకమారు, ఆ సంవత్సరమున శాసనమున వచ్చిన మార్పులపై ఒక గంట శిక్షణ పొందవలయును. ఇది చిన్న నియమముగ తోచును గాని, ఈ విషయమునకంతటికిని కీలకము. శాసనము కదులుచుండు వస్తువు. నిన్నటి జ్ఞానముతో నేటి భవనమును పాలింపరాదు. వైద్యుడు, న్యాయవాది, పిల్లల యుపాధ్యాయుడు తమ విద్యను నవీకరించుకొనవలయునని కోరు మనము, నూరు కుటుంబముల కప్పును కాచువానిని ఏమియు నేర్చుకొననక్కరలేదని విడిచిపెట్టుట వింత.

మూడవది, దాచకుండుట. ఇంజనీరు నివేదిక కార్యదర్శి బీరువాలో నున్నచో అది నివేదిక కాదు, నేరసాక్ష్యము. ఫ్లారిడాలో పరీక్షానివేదిక సారాంశము అందిన 45 దినములలో ప్రతి యజమానికిని చేరవలయును. 25 ఫ్లాట్లు గాని అంతకు మించి గాని యున్న భవనములు 2026 జనవరి 1 నుండి ముఖ్యమైన పత్రములను సభ్యులు ఇంటర్నెట్టులో చూచుకొనునట్లు ఉంచవలయును. గుత్తదారులనుండి లంచము పుచ్చుకొను కార్యవర్గసభ్యునకు 2024 సవరణ నేరశిక్ష విధించుచున్నది. చందా పెంచవలసిన కార్యవర్గమునకు ఇంతకన్న మేలైన యాయుధము లేదు. సభ్యుడు సాధారణముగ చందాను ద్వేషింపడు; అర్థముకాని చందాను ద్వేషించును. త్రుప్పుపట్టిన ఇనుపకడ్డీ ఛాయాచిత్రమును, మూడు గుత్తదారుల ధరలను, గడచిన యేటి ఖర్చును ఒకే కాగితముపై చూపినచో సభలో సగము కలహము మాయమగును.

నాలుగవది, కాలమును మిత్రునిగ చేసికొనుట. ఏబది ఫ్లాట్ల భవనమున పదేండ్లకు కప్పు మార్చవలసి యుండుననియు, అందుకు ముప్పది లక్షల రూపాయలగుననియు ఊహింతము. నేటినుండి కూడబెట్టినచో ఫ్లాటుకు నెలకు 500 రూపాయలు. పదేండ్లు మిన్నకుండి చివరదినమున అడిగినచో ఫ్లాటుకు 60,000 రూపాయలు. మొత్తము ఒకటియే, మొదటిది పింఛనుదారు భరింపగలడు, రెండవది భరింపలేడు. అందుచేత నిల్వనిధి ధనికుల విలాసమనియు, బీదలకు భారమనియు చేయు వాదము తలక్రిందైనది. బీదసభ్యునకు నిల్వనిధియే రక్షణ. ధనికుడు ప్రత్యేక చందా తాఖీదు వచ్చిననాడు చెక్కు వ్రాయును. లేనివాడు ఇల్లు వ్రాసియిచ్చును.

ఐదవది, కాలము చేజారిన చోట కరుణతో నడచుట. ఇప్పటికే భవనము పాతబడి, నిధి శూన్యమైనచోట పై లెక్క ఓదార్పు కాజాలదు. అట్టిచోట కార్యవర్గము మరమ్మతులను ప్రాణాపాయము గలవి, లేనివి యని విభజించి, మొదటివానిని ఒక దినము కూడ ఆపక, రెండవవానిని వాయిదాలపై వేయవలయును. సంఘము పేర అప్పు తెచ్చి దీర్ఘకాలపు వాయిదాలలో తీర్చుకొను మార్గమును 2025 సవరణ స్పష్టముగ తెరచినది, దానిని వాడుకొనవలయును. చెల్లింపలేని వృద్ధునితో కార్యవర్గము ముందుగ మాటలాడవలయును. లాయరు నోటీసు ఆ తరువాతి మాట. ఇది దయాధర్మము మాత్రమే గాక వ్యవహారజ్ఞానము కూడ. వేలమునకు వచ్చిన ఫ్లాటు పొరుగు ఫ్లాట్ల వెలను కూడ క్రిందికి లాగును.

ఇక మన విషయము. మన తెలుగునాట ఉమ్మడి భవనములకు మూలమైనది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల నిర్మాణ, యాజమాన్య చట్టము. 2014 విభజన తరువాత తెలంగాణ రాష్ట్రమునకు కూడ అదియే సంక్రమించినది. ఫ్లాటుతో కూడ ఉమ్మడి స్థలములలో అవిభక్త భాగము, డిక్లరేషను, యజమానుల సంఘము అను భావములను ఈ చట్టమే మనకు స్థిరపరచినది. దానిపైన 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము, జనవ్యవహారమున రెరా యని పిలువబడునది, వచ్చి చేరినది. అది 2017 మే 1 నాటికి పూర్తిగ అమలులోనికి వచ్చినది. ఈ రెండవ చట్టము సంఘములకు క్రొత్త హక్కులనిచ్చినది. అవి వాడుకొననివానికి లేనట్లే.

ఆ చట్టము పదునేడవ సెక్షను ప్రకారము, స్థానిక శాసనము వేరుగ చెప్పనిచో, నిర్మాత నివాసయోగ్యతా పత్రము వచ్చిన మూడు మాసములలో ఉమ్మడి స్థలముల అవిభక్త హక్కును సంఘము పేర దస్తావేజు వ్రాసియియ్యవలయును. పటములును, పత్రములును అప్పగింపవలయును. పదునాలుగవ సెక్షను ప్రకారము, స్వాధీనము నాటినుండి ఐదేండ్లలోపున నిర్మాణలోపము బయటపడినచో తెలియజేసిన 30 దినములలో నిర్మాత తన ఖర్చుతో సరిచేయవలయును. బహిరంగ వాహనస్థలమును ఆ చట్టము ఉమ్మడి స్థలములలో చేర్చినది. కావున మన కార్యవర్గములు వేసికొనవలసిన ప్రశ్నలు సరళమైనవి. ఉమ్మడి స్థలపు దస్తావేజు మన పేర నున్నదా? కట్టడపు అసలు పటములు మన చేతికి వచ్చినవా? ఐదేండ్ల గడువు తీరకముందే, నాలుగవ యేటనో అంతకు ముందో, స్వతంత్రుడైన ఇంజనీరుచే భవనమును పరీక్షింపజేసితిమా? ఐదేండ్లు నిండిన మరుసటి దినమున గోడలోని చీలికను కనుగొన్న సంఘమునకు ఈ సులభమార్గము మూసికొనిపోవును.

పన్నుల విషయమున కూడ అజ్ఞానము ఖరీదైనది. సభ్యునకు నెలకు 7,500 రూపాయల వరకు చందాపై వస్తుసేవల పన్ను మినహాయింపు 2018 జనవరి నుండి కలదు. చందా ఆ హద్దు దాటినచో మొత్తముపై పన్ను పడునా, హద్దు దాటిన భాగముపైననే పడునా యను వివాదమున కేంద్ర పన్నులశాఖ 2019లో మొత్తముపైననే యని సర్క్యులరు ఇయ్యగా, మద్రాసు హైకోర్టు 2021 జూలైలో మించిన భాగముపైననే యని తీర్పు చెప్పెను. నిల్వనిధికై చందా పెంచదలచిన సంఘము ఈ హద్దును ముందుగ చూచుకొని, తన లెక్కల పరీక్షకుని సలహా పొందుట మంచిది.

కాని ఫ్లారిడా పాఠము దీనికన్న లోతైనది. మన 2016 చట్టము ప్రధానముగ నిర్మాతను కట్టడిచేయునది. కొనుగోలుదారుని మోసమునుండి కాచునది. నిర్మాత తాళపుచెవులిచ్చి వెడలిపోయిన పిదప, ముప్పదియేండ్ల తరువాత, యజమానులను తమ అశ్రద్ధనుండియే కాచుటకు అది ఉద్దేశింపబడలేదు. నిర్మాత వసూలుచేసి అప్పగించు మూలనిధిని అనేక సంఘములు రంగులకును, లిఫ్టులకును వెచ్చించి, మరల నింపుట మరచుచున్నవి. పైకప్పుపై నీళ్ల తొట్టి క్రింద పెచ్చులూడి కడ్డీలు బయటపడినను, పైయంతస్తువాని బాధయని క్రిందివాడును, నేలమాళిగలో నీరు నిలిచినను క్రిందివాని బాధయని పైవాడును ఊరకుందురు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని పల్లెవారు ఊరక యనలేదు.

ఇచట శాసనము వచ్చువరకు వేచియుండుమని చెప్పువారు కలరు. వారికి మా సమాధానమిది: శాసనము ఎప్పుడు ఎట్లు వచ్చునో ఫ్లారిడా చూపినది. అది శవములను లెక్కించిన తరువాత వచ్చును, కోపముతో వచ్చును, అన్ని భవనములకు ఒకే కొలతతో, దగ్గరి గడువుతో వచ్చును. అట్టి శాసనమునకు తలయొగ్గుట కష్టము, ఖర్చు. ముందుగనే తమంతట తాము పరీక్షలు జరిపించుకొని, నిధి కూర్చుకొని, లెక్కలు బయటపెట్టుకొన్న భవనములకు 2022 శాసనము పెద్ద పిడుగు కాలేదు. వారు చేయుచున్న పనికే అది పేరు పెట్టినది. శాసనపు మార్పులకు ఒదిగియుండుటకు ఉత్తమమార్గము, శాసనము కోరబోవు మంచిని అది కోరకముందే చేయుటయే.

స్వపరిపాలనమును గూర్చి మనము మాటలాడునపుడు ఢిల్లీని, రాజధానులను తలంతుము. కాని ఒక మెట్లవరుసకు ఇరువైపుల నివసించు ఇరువది కుటుంబములు తమలో తాము కూడి, తమపై తామే పన్ను వేసికొని, లెక్క చూపుకొని, బలహీనుని విడువక ఒక కప్పును నిలుపుకొనలేనిచో, పెద్ద స్వపరిపాలనము ఏ పునాదిపై నిలుచును? తమ్ము తాము కట్టుబాటు చేసికొనలేని సంఘమునకు బయటివాని కట్టుబాటు తప్పదు. అప్పుడు హక్కు పోయినదని వగచి ఫలము లేదు.

కనుక అపార్టుమెంట్లలో నివసించు పాఠకమహాశయులకు మా విన్నపము చిన్నది. రాబోవు సర్వసభ్యసమావేశమున మూడు కాగితములు అడుగుడు: భవనపు డిక్లరేషను పత్రము, చివరిమారు ఇంజనీరు చూచిన నివేదిక, నిల్వనిధి బ్యాంకు లెక్క. మూడును చూపిన కార్యవర్గమును అభినందించి, చందా పెంపు కోరినచో సమ్మతింపుడు. ఏ ఒక్కటి లేకపోయినను కోపపడక, దానిని సమకూర్చుటకు ఒక తేదీ నిర్ణయించి, ఆ తేదీని తీర్మానముల పుస్తకమున వ్రాయించి, ఆ పనిలో ఒక చేయి వేయుడు.